చివరి కుళాయి దగ్గర

మా తాగునీటి పథకానికి కొత్త ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారు వచ్చారు. నిన్న పొద్దున్నే తిన్నగా మా వీధి చివరి కుళాయి దగ్గరకొచ్చి, గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేశారు. పసుపు రంగు రాలేదు. అంటే నీళ్లలో క్రిముల్ని చంపే క్లోరిన్ లేదన్నమాట. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

మూడేళ్లుగా నీచు వాసనొస్తోందని మొత్తుకున్నా ఎవరూ ఇలా వచ్చి చూడలేదు. "ఎన్నాళ్ల నుంచమ్మా?" అని ఆయన అడిగితే నాకు గొంతు పూడుకుపోయింది.

ధవళేశ్వరంలో 1852కే ఆనకట్ట కట్టుకున్న డెల్టా మనది. అయినా వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేస్తే చెరువులో నిలవబెట్టిన నీళ్లే దిక్కు. ఆలోపే చెరువు నింపాలి, ఇసుక ఫిల్టర్ల పైపొర గీకి తీయాలి. బిందె పక్కన పెట్టి మరీ చెప్పాను: "ముందు ఫిల్టర్లు చూడండి సార్." పుస్తకంలో రాసుకున్నారు.