రెగ్యులేటర్ మెడ మీది మంచు

శ్రావణ మాసపు ముసురు పట్టిన ఒక ఉదయం, నేను పనిచేసే ఫ్యాబ్రికేషన్ షెడ్డులో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) వెల్డింగ్ చేస్తున్న కుర్రాడు పని ఆపి నన్ను పిలిచాడు. వెల్డు మీద సన్నని రంధ్రాలు పడుతున్నాయి, గ్యాస్ ఆగి ఆగి వస్తోంది. వెళ్లి చూస్తే, సిలిండర్‌లోని అధిక పీడనాన్ని లోపలి వాల్వుతో తగ్గించే రెగ్యులేటర్ మెడ చుట్టూ వేలి మందాన తెల్లటి మంచు పేరుకుని ఉంది. దాని హీటర్ ప్లగ్గును ఎవరో పీకి, ఆ సాకెట్లో గ్రైండర్ పెట్టుకున్నారు. ప్లగ్గు తిరిగి పెట్టాక కాసేపటికి పని సర్దుకుంది. అప్పుడు ఆ అబ్బాయి, "లోపల గ్యాస్ అంత చల్లగా ఉంటుందా సార్?" అని అడిగాడు. అతని అరచేతిని సిలిండర్ ఒంటికి ఆనించి చూడమన్నాను. షెడ్డులోని మిగతా ఇనుము ఎంత చల్లగా ఉందో అదీ ఇంచుమించు అంతే ఉంది. ఆ చల్లదనం వాల్వు దాటే అంగుళం మేరలోనే పుడుతోంది.

వాయువు వ్యాకోచిస్తే చల్లబడుతుందని చెప్పి ఊరుకోవచ్చు, చాలామంది ఊరుకుంటారు కూడా. ఆ జవాబు నాకు సరిపోదు, ఎందుకంటే అదే వాల్వు గుండా హైడ్రోజన్‌ను వదిలితే అది కొంచెం వేడెక్కుతుంది. అణువుల మధ్య ఆకర్షణ గానీ, వాటికి సొంత పరిమాణం గానీ లేని ఆదర్శ వాయువు అనేదే ఉంటే అది చల్లబడదు, వేడెక్కదు. కాబట్టి కారణాన్ని వ్యాకోచంలో కాక, వ్యాకోచించేటప్పుడు శక్తి పద్దు ఎలా మారుతుందన్న దానిలో వెతకాలి.

వాల్వులో వాయువు ఏ చక్రాన్నీ తిప్పదు, బయటి నుంచి వేడిని తీసుకునే వ్యవధి కూడా దానికి దాదాపుగా ఉండదు. అయితే వెనక నుంచి వచ్చే వాయువు ముందున్న దానిని వాల్వులోకి నెడుతూ దాని మీద పని చేస్తుంది. అవతలికి చేరిన వాయువు, తనకు చోటు చేసుకోవడానికి, అక్కడున్న దానిని నెడుతూ పని చేస్తుంది. ఈ రెండు పనులూ ఆయా వైపుల పీడన, ఘనపరిమాణాల లబ్ధంతో సమానం. అంతర్గత శక్తికి ఈ లబ్ధాన్ని కలిపితే వచ్చేదే ఎంథాల్పీ, థ్రాట్లింగ్‌లో, అంటే ఇలా ఇరుకు దారి గుండా పీడనం తగ్గేటప్పుడు, మారకుండా నిలిచేది అదే. వాల్వు గొంతులో వాయువు వేగం అందుకుంటుంది గానీ, కొంచెం అవతల ఆ వేగం సద్దుమణిగాక కొలిస్తే దాని లెక్క విస్మరించదగినంత చిన్నది.

ఇక పద్దులో రెండు వరుసలు ఉంటాయి. మొదటిది అణువుల మధ్య ఆకర్షణ. దగ్గరగా ఉన్న అణువులు దూరం జరగాలంటే ఆ ఆకర్షణను తెంచుకోవాలి, అందుకు కావలసిన శక్తి వాటి వేగం నుంచే పోతుంది, వేగం తగ్గడమంటే ఉష్ణోగ్రత తగ్గడమే. రెండవది ఆ లబ్ధాల మధ్య తేడా. ఆకర్షణ బలంగా ఉన్నచోట, ఒత్తిడిలో ఉన్న వాయువు లబ్ధం ఆదర్శ విలువ కన్నా తక్కువగా ఉంటుంది కనుక, అది పొందిన పని కన్నా బయట చేసే పని ఎక్కువై ఇంకొంచెం చల్లబడుతుంది. అణువుల సొంత పరిమాణం, అంటే వికర్షణ, పైచేయి అయిన చోట ఇది తిరగబడి, వెనక నుంచి అందిన పని మిగిలిపోయి వాయువును వేడెక్కిస్తుంది.

ఈ రెండో వరుస పాఠాల్లో తరచూ జారిపోతుంది, అందుకే నైట్రోజన్ ఉదాహరణ నాకు ఎంతో ఇష్టం. గది ఉష్ణోగ్రత దగ్గర, ఓ మోస్తరు పీడనాల్లో, నైట్రోజన్ బాయిల్ నియమాన్ని చాలా బాగా పాటిస్తుంది, అంటే పీడన, ఘనపరిమాణాల లబ్ధం మారదు. రెండో వరుస దాదాపు సున్నా. అది చూసి దానిని ఆదర్శ వాయువు అనుకుంటే పొరపాటే, ఎందుకంటే ఒక్కో బార్ పీడనం తగ్గినప్పుడు అది సుమారు 0.2 డిగ్రీలు చల్లబడుతూనే ఉంటుంది, ఆ చల్లదనమంతా దాదాపుగా మొదటి వరుసదే. హైడ్రోజన్‌లో ఆకర్షణ బలహీనం. గది ఉష్ణోగ్రత దగ్గర రెండో వరుస మొదటిదాన్ని మించిపోయి, బార్‌కు సుమారు 0.03 డిగ్రీల చొప్పున అది వేడెక్కుతుంది. వంద బార్లకు మూడు డిగ్రీల చొప్పున పెరిగే ఆ వేడితో హైడ్రోజన్ లీకు తనంతట తాను అంటుకుంటుందని చెప్పడం తప్పు, అది అంటుకోవాలంటే 500 డిగ్రీలు దాటాలి.

రెండు వరుసలూ సరిసమానమయ్యే ఉష్ణోగ్రతను విలోమ ఉష్ణోగ్రత అంటారు. దాని గరిష్ఠ విలువకు పైన ఉన్న వాయువు వాల్వులో చల్లబడదు, వేడెక్కుతుంది. గది ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్లు అయితే, ఈ గరిష్ఠ విలువ నైట్రోజన్‌కు సుమారు 621 కెల్విన్లు, హైడ్రోజన్‌కు 200 దరిదాపుల్లో, హీలియంకు 45కు అటూఇటూగా ఉంటుంది.

వ్యాకోచంలో వచ్చే ఈ సూక్ష్మమైన ఉష్ణోగ్రత తేడా మొదట ఇంగ్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ జూల్‌కే చిక్కలేదు. 1845లో ఆయన ఒక రాగి పాత్రలో 22 అట్మాస్ఫియర్ల గాలిని నింపి, ఖాళీ చేసిన మరో పాత్రలోకి వదిలి, చుట్టూ ఉన్న నీటి ఉష్ణోగ్రతను కొలిస్తే మార్పేమీ కనిపించలేదు. నీరు, రాగి కలిసి ఆ కొద్దిపాటి చల్లదనాన్ని మింగేశాయి. తరువాత లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్‌తో కలిసి 1852 నుంచి ఆయన చేసిన ప్రయోగాల్లో, గాలిని సన్నని రంధ్రాలున్న (సచ్ఛిద్ర) బిరడా గుండా ఆగకుండా ప్రవహింపజేశారు. గాలి అలా వస్తూనే ఉండడంతో చుట్టూ ఉన్న గొట్టం కూడా కాసేపటికి దాని ఉష్ణోగ్రతకే వచ్చేస్తుంది, ఇక మింగేది ఏమీ మిగలదు. ప్రయోగం రూపురేఖలు మార్చడం ద్వారానే జవాబు రాబట్టిన ఈ ఉపాయాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. 1895లో జర్మనీలో లిండే, ఇంగ్లండ్‌లో హాంప్సన్, చల్లబడిన గాలితోనే లోపలికి వచ్చే గాలిని చల్లబరుస్తూ, బార్‌కు పావు డిగ్రీ వంటి చిన్న లాభాన్ని పోగు చేసి గాలిని ద్రవంగా మార్చారు. 1898లో డ్యూవర్ హైడ్రోజన్‌ను ముందుగా ద్రవ గాలితో, 1908 జులై 10న లైడెన్‌లో ఆన్నెస్ హీలియంను ముందుగా ద్రవ హైడ్రోజన్‌తో, విలోమ ఉష్ణోగ్రత కిందికి దించిన తరువాతే వాల్వుకు పని చెప్పారు.

ఇంట్లో కనిపించే చల్లదనాలన్నింటినీ దీని ఖాతాలో వేయకూడదు. వంటగ్యాస్ సిలిండర్ అడుగున చెమట పట్టేది ద్రవం ఆవిరవడం వల్ల. టైరులో గాలి తీసినప్పుడు తగిలే చలి కూడా ఎక్కువ భాగం లోపలి గాలి బయటికి పోయే గాలిని నెట్టే పని వల్ల వచ్చేదే. రెండు బార్ల తేడాకు థ్రాట్లింగ్ ఇచ్చేది అర డిగ్రీ మాత్రమే.

మా షెడ్డు సిలిండర్ సంగతి వేరు. కార్బన్ డయాక్సైడ్ అణువుల ఆకర్షణ బలమైనది. గది ఉష్ణోగ్రత దగ్గర అది బార్‌కు డిగ్రీకి పైగా చల్లబడుతుంది. 60 బార్ల నుంచి రెండు మూడు బార్లకు దిగేటప్పుడు ఆ తగ్గుదల యాభై డిగ్రీలు దాటుతుంది. గ్యాస్‌లో తేమ ఏమాత్రం ఉన్నా లోపల వాల్వు సీటు (వాల్వు మూసుకునే చోటు) దగ్గరే గడ్డ కడుతుంది, ముసురు గాలిలోని తేమ బయట మంచుగా పేరుకుంటుంది. హీటర్‌ను రెగ్యులేటర్‌కు ముందు, సిలిండర్ వైపున బిగించేది ఇందుకే: తరువాత పెడితే గ్యాస్ వేడెక్కేసరికే సీటు గడ్డకట్టి ఉంటుంది. సహజ వాయువు పీడనం తగ్గించే స్టేషన్లలోనూ హీటర్‌ను వాల్వుకు ముందే పెడతారు. ఆ సాయంత్రం మా షెడ్డులో గ్రైండర్‌కు వేరే సాకెట్ వేయించాను.