కాపీ అన్న మాట

పన్నెండు దాటింది. బాబి పక్కగదిలో హాయిగా నిద్రపోతున్నాడు. వాడన్న మాట మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు.

సాయంత్రం దోసెలు వేస్తూ ఫోనులో పాట పెట్టుకున్నాను. ఇంగ్లండు రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ 2023లో తెచ్చిన ‘హ్యాక్నీ డైమండ్స్’ ఆల్బమ్‌లో చివరి పాట, ‘రోలింగ్ స్టోన్ బ్లూస్’. మూడు నిమిషాలు కూడా ఉండదు. కీత్ రిచర్డ్స్ గిటారు, మిక్ జాగర్ గొంతు, మౌత్ ఆర్గాన్, అంతే. డ్రమ్స్ కూడా లేవు. ఇంచుమించు ఎనభై ఏళ్ళవాళ్ళు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది నాకు.

బాబి ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు. అర నిమిషం విన్నాడు. “ఇది వీళ్ళ పాట కాదు కదా పిన్నీ, కాపీ” అని మళ్ళీ చెవిలో పెట్టేసుకున్నాడు.

అర నిమిషం! పెనం మీద దోసె కూడా కాలదు అంతసేపట్లో. పూర్తిగా విని తప్పు చెప్పినా బాధ ఉండదు, వినకుండా తేల్చేయడమే నా కోపం. అది అమెరికా బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాటని నాకు తెలియదా? 1950లో షికాగోలో చెస్ రికార్డు కంపెనీకి ఆయన ఒక్కడే ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని పాడాడు. 1962లో ఈ బృందంలోని బ్రయాన్ జోన్స్ ఒక పత్రికకు ఫోను చేస్తే బృందం పేరేమిటని అడిగారట. నేల మీద పడి ఉన్న మడ్డీ వాటర్స్ రికార్డు కనబడి, అందులోని ‘రోలిన్ స్టోన్’ అన్న ఈ పాట పేరే చెప్పేశాడని కీత్ రిచర్డ్స్ చెబుతుంటాడు. ఆ పాట లేకపోతే వీళ్ళకు పేరే లేదు. అరవై ఏళ్ళ తర్వాత దాన్ని పాడితే కాపీయా? మనం త్యాగరాజ కృతి పాడితే ఎవరైనా కాపీ అంటారా?

ఈ మాట వాడితో అనాలనుకున్నాను. అనలేదు. అంట్లు తోముతుంటే మా పాట మాస్టారు గుర్తొచ్చారు.

రాజమండ్రిలో వాళ్ళ అరుగు మీద చాప వేసి నేర్పేవారు. శ్రుతిపెట్టె తిత్తి చిరిగితే సైకిల్ ట్యూబు ముక్క అతికించారు. గాలి పోసినప్పుడల్లా అది చిన్నగా ఉబ్బి తగ్గేది. నేను పాడడం మానేసి దాన్నే చూస్తుండేదాన్ని. కృతి ఎత్తుకునే ముందు రాగం, తాళం, రాసినవారి పేరు చెప్పి తీరాలి. ఒకరోజు “బ్రోచేవారెవరురా, ఖమాస్, ఆది, త్యాగరాజస్వామి” అని గడగడా చెప్పేశాను. మాస్టారు శ్రుతిపెట్టె ఆపేశారు. ఆ ట్యూబు ముక్క మెల్లగా లోపలికి పోవడం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. “చరణం చదువు” అన్నారు. చదివాను. “వాసుదేవుడే అని ఉందిగా, అది ఎవరి ముద్ర?” అన్నారు. రాసినవారు పాటలో సంతకంలా పెట్టుకునే ఆ ముద్ర మైసూరు వాసుదేవాచార్యులవారిదని అప్పుడు తెలిసింది. ఆ రోజు నన్ను పాడనివ్వలేదు. చాప మూలన కూర్చుని మిగతావాళ్ళు పాడేది విన్నాను. పన్నెండేళ్ళ పిల్లనని కూడా చూడలేదని ఇంటికొచ్చి ఏడ్చాను.

ఇదంతా తలుచుకున్నాక బాబి మీద కోపం కాస్త తగ్గింది. ఎందుకంటే 1968లో ఇదే రోలింగ్ స్టోన్స్ ‘ప్రాడిగల్ సన్’ పాడారు. అది అమెరికా బ్లూస్ గాయకుడు రాబర్ట్ విల్కిన్స్ పాట. ఆయన 1929లో వేరే మాటలతో రికార్డు చేసి, తర్వాత పాస్టరు అయ్యాక బైబిలు కథ పెట్టి మళ్ళీ పాడుకున్నాడు. వీళ్ళ రికార్డు మొదట బజారులోకి వచ్చినప్పుడు దాని మీద ఉన్న పేర్లు జాగర్, రిచర్డ్స్. ఆ పాటను నేను ఎంత ఇష్టంగా విన్నానో! అట్ట మీద పేరు ఒక్కసారీ చూడలేదు. మాస్టారైతే వాళ్ళనూ చాప మూలన కూర్చోబెట్టేవారు. నన్నూ.

కాబట్టి ఆ పాట విషయంలో బాబి మాట చెల్లుతుంది. సాయంత్రం పాటకు చెల్లదు, దాని మీద మడ్డీ వాటర్స్ పేరు ఉంది. అయినా అక్కడా చిక్కే. ఆయన పాట కూడా అమెరికా దక్షిణాన మిసిసిపీ డెల్టాలో అందరూ పాడుకున్న ‘క్యాట్‌ఫిష్ బ్లూస్’ లోంచి వచ్చిందే. మాస్టారు అడిగితే ఎవరి పేరు చెప్పాలి? చరణం వెతికినా ముద్ర దొరకదు.

ఇప్పుడే మళ్ళీ విన్నాను, చప్పుడు తగ్గించి. మౌత్ ఆర్గాన్ అందుకునేముందు జాగర్ ఊపిరి పీల్చుకున్నట్టు అనిపిస్తుంది నాకు. అది బాగుంది.

రేపు వాడు లేచేలోగా విల్కిన్స్ 1929 పాట, స్టోన్స్ 1968 పాట పక్కపక్కనే పెట్టి పంపిస్తాను. రెండూ చివరిదాకా వినమంటాను, ఇయర్‌ఫోన్ రెండు చెవుల్లోనూ పెట్టుకుని.