సకినాల నూనె చిందితే: కలబంద ఎప్పుడు, ఎట్లా

సంక్రాంతి ముందు వరంగల్, కరీంనగర్ వైపు ఏ ఇంట్లో చూసినా సకినాలు గోలిస్తుంటారు. బట్ట మీద చుట్టినవి సరిగా ఆరకుండానే నూనెలో వేస్తే పేలుతయి, చెయ్యి కాలుతుంది. కాగిన నూనె 170-180 డిగ్రీలుంటుంది. పైగా చర్మానికి అంటుకొని జారిపోదు, అందుకే మరిగిన నీళ్లకన్నా లోతుగా కాలుస్తుంది.

అప్పుడు చాలామంది పసుపు డబ్బా కోసమో, పెరట్లో కలబంద కోసమో ఉరుకుతారు. ముందు పోవాల్సింది నల్లా కాడికి. గడియారం చూసి 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద పెట్టాలి. పైకి ఏం కనిపించకున్నా వేడి లోపలికి దిగుతూనే ఉంటుంది, ఏ ఆకు రసమూ దాన్ని బయటికి లాగలేదు. కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు పెట్టినా నీళ్ల వల్ల మేలే. ఐసు మాత్రం వద్దు, రక్తనాళాలు ముడుచుకొని గాయం ఇంకా లోతవుతుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి.

చర్మం ఎర్రబడి, మండుతూ, పొక్కు లేవకుండా ఉంటేనే ఇంటి కలబంద. పొక్కులు లేచినా, తోలు ఊడినా ఇంట్లో తీసిన గుజ్జు పెట్టొద్దు, అందులో క్రిములుంటయి. పొక్కులను చిదమొద్దు.

గుజ్జు తీయడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. బాగా ముదిరిన మొక్కకు అడుగున ఉన్న లావాటి ఆకును మొదలు కాడ కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో 15 నిమిషాలు నిలబెట్టాలి. పసుపు రంగు చేదు పాలు బొట్టుబొట్టుగా కారుతయి. అందులో ఉండే అలోయిన్ చర్మాన్ని మండిస్తుంది. "కలబంద పెడితే దురద పెట్టింది" అనేవాళ్లలో చాలామందికి కారణం ఈ పాలే. తర్వాత ఆకు కడిగి, ముళ్ల అంచులు తీసి, పచ్చ తోలును మందంగా చెక్కాలి. మిగిలిన తెల్లటి గుజ్జును రెండుసార్లు నీళ్లలో జాడిస్తే జిగట పసుపురంగు పోతుంది. ముందు మోచేతి లోపల కొంచెం రాసి చూసుకోవాలి. ఏమీ కాకపోతే కాలిన చోట పలుచగా, రోజుకు మూడునాలుగు సార్లు రాయొచ్చు. ఫ్రిజ్‌లో పెట్టినా ఒక్క రోజుకు మించి దాచొద్దు. నీరుగారినా, రంగు మారినా పారేయాలి.

పసుపు, పేస్టు, నెయ్యి గాయం మీద వద్దే వద్దు. పసుపు రంగు కింద గాయం ఎర్రగా ఉందో, తెల్లబడిందో డాక్టరుకు కనబడదు, దాన్ని కడగడం పేషెంటుకు నరకం. ఏటూరునాగారం అడవి తేనె తినడానికి అమృతమే గాని గాయానికి వద్దు, దవాఖానల్లో గాయాలకు వాడే తేనె వేరు, దాన్ని క్రిములు లేకుండా శుద్ధి చేస్తారు.

గాయం పూర్తిగా మూసుకున్నాక మచ్చ కోసం సరస్వతి ఆకు సారమున్న క్రీము వాడొచ్చు. ఆకు నూరి పచ్చిగాయం మీద పెట్టడం మాత్రం వేరే సంగతి, అది చేయొద్దు.

ముఖం, అరచేయి, పాదం, కీలు, మర్మాంగాల కాడ కాలినా, కరెంటు వల్ల కాలినా, చర్మం తెల్లగానో నల్లగానో మారి నొప్పి తెలియకున్నా, చిన్నపిల్లలైనా, షుగర్ ఉన్నవాళ్లకు కాలు కాలినా ఇంట్లో ఆగొద్దు. నీళ్ల కింద పెడుతూనే 108కు ఫోన్ చేయాలి. పోయేటప్పుడు గాయం మీద ఉతికిన మెత్తని బట్ట చాలు, దూది వద్దు, పోగులు అంటుకుంటయి. ధనుర్వాతం (టీటీ) సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుంచుకొని దవాఖానలో చెప్పండి.