పదును వానల ప్రోగ్రామ్: థ్రెడ్లు కంపైల్ అయ్యాయి

అనంతపురం ఉమ్మడి జిల్లా 63 మండలాల వాన లెక్కలు చూపించే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఈ వారం బాగా ముందుకు సాగింది. మండలానికి ఒక సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన అంకెల పట్టిక). జూన్, జూలైలలో 20 మి.మీ. దాటిన రోజులను ఏరి, విత్తనానికి పదును ఏ ఏడాది ఎప్పుడు దొరికిందో గ్రాఫ్ గీస్తుంది. ఆ 20 నేను పెట్టుకున్న హద్దు మాత్రమే. ఎర్రనేలకూ నల్లరేగడికీ ఒకే హద్దు కుదరదు కాబట్టి దాన్ని మార్చుకునే వీలు విండోలోనే ఉంచాను. ఏడాది మొత్తానికి సుమారు 550 మి.మీ. కురిసే చోట, ఎంత పడింది అన్నదానికన్నా ఎప్పుడు పడింది అన్నదే బుడ్డలు (వేరుశనగ) వేసే రైతుకు ముఖ్యం. అందుకే నాకు ఈ గ్రాఫ్ మీద ఇంత పట్టుదల.

చిక్కల్లా ఒకటే. ఫైళ్లన్నీ చదివి ముగించేదాకా విండో బిగుసుకుపోతోంది, ఏ బటన్ నొక్కినా పలకదు. చదివే పనిని వేరే థ్రెడ్‌కు, అంటే అదే ప్రోగ్రామ్‌లో పక్కనే నడిచే మరో పని వరుసకు, అప్పగించాలి. నేను రాసేది సీ++లో. వాడేది ఉబుంటు 22.04, జీసీసీ కంపైలర్, విండోలు గీసే క్యూటీ 5 లైబ్రరీ. సీ++11 నుంచి ఎస్‌టీడీ::థ్రెడ్ భాషలోనే ఉంది కనుక దాన్నే ఎంచుకున్నాను.

మెయిన్ విండో క్లాస్‌లోని ఫంక్షన్ పేరును నేరుగా థ్రెడ్‌కు ఇస్తే 'ఇన్‌వాలిడ్ యూజ్ ఆఫ్ నాన్ స్టాటిక్ మెంబర్ ఫంక్షన్' అని వస్తుంది. మెంబర్ ఫంక్షన్ నడవాలంటే ఏ ఆబ్జెక్ట్ మీద నడవాలో కూడా చెప్పాలి. ముందు & గుర్తు, తర్వాత క్లాస్ పేరు, రెండు కోలన్లు, ఫంక్షన్ పేరు, రెండో ఆర్గ్యుమెంట్‌గా 'దిస్' ఇస్తే సరిపోతుంది. లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) రాసి అందులో ఫంక్షన్‌ను పిలవడం నాకు ఇంకా నచ్చింది, చదవడానికి తేలిక.

అసలు టెన్షన్ పెట్టింది ఆ తర్వాతి ఎర్రర్. ఫలితాల వెక్టర్‌ను (విలువల జాబితాను) రిఫరెన్స్‌గా, అంటే కాపీ కాకుండా అసలుదాన్నే, తీసుకునే ఫంక్షన్‌కు ఆ వెక్టర్‌ను మామూలుగా పంపితే తెర నిండా టెంప్లేట్ల పేర్లు. వాటన్నిటినీ చదవక్కర్లేదు. 'రిక్వైర్డ్ ఫ్రమ్ హియర్' అన్న వరుస వెతకండి, మీ ఫైల్‌లో ఏ లైన్ దగ్గర తేడా వచ్చిందో అక్కడ ఉంటుంది. 'స్టాటిక్ అసర్షన్ ఫెయిల్డ్' పక్కన ఉన్న వాక్యం కారణం చెబుతుంది. థ్రెడ్ తనకిచ్చిన ప్రతి ఆర్గ్యుమెంట్‌నూ కాపీ చేసి పెట్టుకుంటుంది. మామూలు రిఫరెన్స్ కోరే ఫంక్షన్‌కు ఆ కాపీని ఇవ్వడం కుదరదు.

ఎస్‌టీడీ::రెఫ్‌లో చుట్టి ఇస్తే ఎర్రర్ పోతుంది. పోయింది కదా అని వదిలేయకండి. ఆ వెక్టర్ ఒక ఫంక్షన్ లోపలిదైతే, థ్రెడ్ ఇంకా రాస్తుండగానే అది చెరిగిపోవచ్చు, అప్పుడు కంపైలర్ ఏమీ అనదు. కాపీ చేయడమనే నియమం మనల్ని ఆ ప్రమాదం నుంచి కాపాడడానికే ఉందని నా నమ్మకం. నేను వెక్టర్లను క్లాస్‌లోకి మార్చాను, థ్రెడ్‌కు ఒకటి చొప్పున. ఎవరి వెక్టర్‌లో వాళ్లే రాస్తారు, చివర కలుపుతాను. మ్యూటెక్స్ (ఒకసారికి ఒక థ్రెడ్‌నే రానిచ్చే తాళం) అవసరం రాలేదు. 63 ఫైళ్లకు 63 థ్రెడ్లు అక్కర్లేదు, నాలుగింటికి పంచాను.

థ్రెడ్లను వెక్టర్‌లో దాచేటప్పుడు 'యూజ్ ఆఫ్ డిలీటెడ్ ఫంక్షన్' వస్తే, థ్రెడ్‌ను కాపీ చేయడం కుదరదని అర్థం. ఎంప్లేస్ బ్యాక్ గానీ ఎస్‌టీడీ::మూవ్ గానీ వాడాలి. విండో మూసేటప్పుడు అన్నిటికీ జాయిన్ పిలవాలి (అవి ముగిసేదాకా ఆగాలి), లేకపోతే థ్రెడ్‌ను తుడిచేసే డిస్ట్రక్టర్ ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది.

ఫైళ్లు చదివే భాగాన్ని విడిగా పరీక్షించడానికి విండో లేని చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాశాను. అది ఈ కంప్యూటర్‌లో బిల్డ్ అయింది, ఉబుంటు 20.04 ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు పీథ్రెడ్ క్రియేట్' అంది. ఇది కంపైలర్ మాట కాదు, కంపైల్ అయిన ముక్కల్నీ లైబ్రరీలనూ కలిపే లింకర్ మాట. కోడ్‌లో వెతికి లాభం లేదు. 2021లో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్‌లోని ప్రధాన సీ లైబ్రరీ) 2.34 నుంచి పీథ్రెడ్ లైబ్రరీ ప్రధాన లైబ్రరీలో కలిసిపోయింది, అంతకుముందు వాటిలో -పీథ్రెడ్ అని విడిగా చెప్పాలి. సీమేక్ (బిల్డ్ సాధనం) వాడేవాళ్లు థ్రెడ్స్ ప్యాకేజీని వెతికించి లింక్ చేస్తే రెండు చోట్లా నడుస్తుంది.

గ్రాఫ్‌ను మాత్రం ఆ థ్రెడ్ల నుంచి ముట్టుకోకూడదు. విండోకు సంబంధించిన ఏ పనైనా మెయిన్ థ్రెడ్‌లోనే జరగాలి. చదవడం ముగియగానే సిగ్నల్ పంపిస్తున్నాను, క్యూటీ దాన్ని మెయిన్ థ్రెడ్ వరుసలో పెట్టి తీసుకుంటుంది. ఇప్పుడు ఫైళ్లు చదువుతుండగానే మండలం మార్చుకోవచ్చు, కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గానికి గ్రాఫ్ హాయిగా మారుతోంది.

తర్వాతి పని విండోస్ బిల్డ్. కదిరిలో ఉన్న స్నేహితుడు అడిగాడు. అతని దగ్గర ఉన్నది పాత మింజీడబ్ల్యూ, అంటే విండోస్ మీద నడిచే జీసీసీ. 'థ్రెడ్ ఈజ్ నాట్ ఎ మెంబర్ ఆఫ్ ఎస్‌టీడీ' అంటోంది. జీ++ -వీ కొట్టి చూడమన్నాను, 'థ్రెడ్ మోడల్' దగ్గర విన్32 అని ఉంది, ఆ పాత రకంలో ఎస్‌టీడీ::థ్రెడ్ ఉండదు. పోసిక్స్ రకం వేసుకోమని చెప్పాను, అది దిగగానే అతని కంప్యూటర్‌లో మళ్లీ బిల్డ్ చేస్తాం.