మూడో సంతకం కోసం మూడు నెలలు ఆగాం, నెల్లూరులో ఇల్లు కొన్న నా అనుభవం

మేం పోయినేడాది మూలాపేటలో ఒక పాత ఇల్లు కొన్నాం. అప్పట్నించి చుట్టాల్లో ఎవరు ఇల్లు చూస్తున్నా ముందు నాకే ఫోన్ చేస్తున్నారు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) చూస్తే చాలదా, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ (పోయినాయన కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే కాగితం) ఎందుకు, బయానా (అడ్వాన్సు) ఎంతివ్వాలి అని. ఒక్కొక్కళ్ళకి చెప్పేబదులు అంతా ఒకచోట రాసేస్తున్నా, పెద్దగా ఉన్నా ఓపిగ్గా చదవండి, లక్షల్లో డబ్బు పెట్టే వ్యవహారం ఇది.

ఇల్లు 24 అంకణాలు. మన నెల్లూరు అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు, మొత్తం 192 గజాలన్నమాట. తిరుపతిలో ఉండే మా తమ్ముడు 24 అంకణాలకి 54 లక్షలా అక్కా అని కంగారుపడ్డాడు, వాళ్ళకక్కడ అంకణం 36 అడుగులే. కాబట్టి కాగితాల్లో అంకణాలతో పాటు గజాలు కూడా రాయించుకోండి, టేపుతో కొలిపించండి కూడా. పాతకాలం మిద్దె, వెనక పెరడు, పెరట్లో మునగచెట్టు, నాకు చూడగానే నచ్చేసింది.

బ్రోకర్ ఏమన్నాడంటే "అన్నదమ్ములిద్దరూ రెడీగా ఉండారు మేడమ్, ఇంకో పార్టీ కాచుకోనుండాది, రేపు పొద్దున్నే 5 లక్షలు బయానా ఇచ్చేయండి" అని. ఈసీ కూడా తెచ్చి చూపించాడు, ఎక్కడా తాకట్టు లేదు, గొడవ లేదు, క్లీన్. మా ఆయన చెక్కు రాసేదానికి కూర్చున్నాడు కూడా. నేనే ఒక్కరోజు ఆగండి అని జిరాక్సులన్నీ పట్టుకుని మాకు తెలిసిన సివిల్ లాయర్ గారి దగ్గరికి పోయాను, ఆ ఒక్కరోజు ఆగడమే మమ్మల్ని కాపాడింది.

సార్ ఈసీ చూసి "ఇంత క్లీన్‌గా ఉండటమే నాకు డౌటుగా ఉందమ్మా" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పారు, ఈ ఇల్లు 1978లో వాళ్ళ నాన్న కొన్నాడు, రిజిస్టర్ డాక్యుమెంటు ఉంది, ఆయన 2009లో పోయాడు, వీలునామా లేదు, మరి ఇల్లు కొడుకుల చేతికి ఎట్లా వచ్చింది, ఈసీలో పంపకం లేదు, దానసెటిల్‌మెంటు లేదు, ఏమీ లేదు కదా అని. అంటే ఈసీ అనేది రిజిస్ట్రేషన్ ఆఫీసులో రిజిస్టర్ అయిన లావాదేవీలు మాత్రమే చూపిస్తుంది. ఇంట్లో కూర్చుని తెల్లకాగితం మీద పాళ్ళు పంచుకుంటే అందులో రాదు, రిజిస్టర్ చేయని వీలునామా రాదు, ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకులో పెట్టి లోను తీసుకుని ఆ తాకట్టు రిజిస్టర్ చేయించకపోతే అదీ రాదు, కోర్టులో కేసు నడుస్తా ఉన్నా అది కూడా కనిపించకపోవచ్చు. అందుకే జిరాక్సులు కాదు ఒరిజినల్స్ చేత్తో పట్టుకుని చూడాలి. మేం లోనుకి పోయిన బ్యాంకు వాళ్ళయితే సెర్సాయ్ అనే సెంట్రల్ రిజిస్ట్రీలో కూడా వెతికించారు, వేరే బ్యాంకులో తాకట్టు ఉందేమో అని.

తర్వాత సార్ అడిగిన ప్రశ్న ఒకటే, "ఆయనకి ఆడపిల్లలున్నారా?"

బ్రోకర్ని అడిగితే నసిగాడు. ఒక కూతురుందంట, కనిగిరిలో ఇచ్చారంట, "పెళ్ళప్పుడు బంగారం కట్నం అన్నీ పెట్టినారు మేడమ్, ఆమెకేం సంబంధం లేదు" అన్నాడు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లో కూడా ఆమె పేరు లేదు, ఎందుకంటే అన్నదమ్ములు అప్లికేషన్లోనే ఆమె పేరు రాయలేదు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఆడపిల్లకి హక్కు 2005లో వచ్చింది అంటారు, ఆ ఏడాది హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ ఉమ్మడి కుటుంబం ఆస్తి గురించి, మన ఆంధ్రాలో అయితే 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకి దాంట్లో ముందే ఇచ్చారు. కానీ తండ్రి తన డబ్బుతో కొన్న ఆస్తి, వీలునామా రాయకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ భార్యకి, కొడుకులకి, కూతుళ్ళకి (ఆయన తల్లి బతికుంటే ఆమెకి కూడా) సమాన వాటా. కట్నం ఇచ్చారా లేదా అన్నది లెక్కలోకే రాదు. వీళ్ళ అమ్మ కూడా తర్వాత వీలునామా లేకుండానే పోయింది, ఆమె వాటా కూడా ముగ్గురు పిల్లలకే. అంటే ఆ ఇంట్లో మూడో వంతు కనిగిరి ఆమెది. "మీరు ఇద్దరి సంతకాలతో కొంటే మూడింట రెండు వంతులే కొన్నట్టు, రేపు ఆమె పార్టిషన్ సూట్, అంటే పంపకం దావా వేస్తే మీరు కూడా ప్రతివాదులే, రిజిస్ట్రేషన్ అయింది కదా అంటే కోర్టు వినదు, అమ్మినవాడికి ఎంత హక్కుందో అంతే మీకొస్తుంది" అన్నారు సార్.

అన్నదమ్ములకి చెప్తే పెద్దాయనకి కోపం వచ్చింది, మా ఇంటి విషయం మీకెందుకు అన్నాడు. చిన్నాయన మాత్రం, అక్కని అడిగితే సంతకం పెట్టేస్తుంది లేమ్మా అన్నాడు. నెలపైన అట్లా నానింది. ఇంక ఆగలేక, చిన్నాయన్నే తోడు తీసుకుని నేనూ మా ఆయనా బస్సెక్కి కనిగిరి పోయాం.

ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటుంది. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి అంతా విన్నది. విని "ఇల్లు అమ్మేస్తున్నారని నాకు ఎవరూ చెప్పలా అమ్మా, నువ్వు చెప్తే తెలిసింది" అన్నది. తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది, ఎందుకంటే కావలిలో మా నాన్న ఇల్లు అమ్మినప్పుడు నేనూ ఇట్లాగే, మా అన్న ఫోన్ చేసి రేపు వచ్చి సంతకం పెట్టిపోమ్మా అంటే పోయి పెట్టొచ్చాను, ఎంతకి అమ్మారు అని కూడా అడగలేదు. అడగాలని తోచలేదు అప్పుడు. ఆమెతో చెప్పాను, అక్కా మీరు సంతకం ఊరికే పెట్టాల్సిన పన్లేదు, మీ వాటా డబ్బు మీకు రావాలి, అది మీ పేరు మీదే ఇస్తాం అని. పక్కన తమ్ముడుండగానే చెప్పాను.

ఇప్పుడు దారులు రెండు. ఆమె తన వాటా అన్నదమ్ములకి హక్కు విడుదల రాసి రిజిస్టర్ చేస్తే, తర్వాత వాళ్ళిద్దరూ మాకు అమ్మొచ్చు, లేదా ముగ్గురూ కలిసి ఒకే సేల్ డీడ్‌లో అమ్మినవాళ్ళుగా సంతకం పెట్టొచ్చు. రెండోదే మేలు అన్నారు సార్, ఖర్చు తక్కువ, ఆమె డబ్బు ఆమెకి నేరుగా వస్తుంది. పెద్దాయన ఒప్పుకునేదానికి ఇంకో నెల పట్టింది. ఫ్యామిలీ సర్టిఫికెట్ ఆమె పేరుతో మళ్ళీ తెచ్చారు. అప్పుడు రాశాం అగ్రిమెంటు, ముగ్గురితో, బయానా 3 లక్షలు, ముగ్గురికీ లక్ష లక్ష చెక్కులు, టైటిల్‌లో (అమ్మేవాళ్ళ హక్కులో) తేడా వస్తే బయానా వాపసు అనే మాట కూడా రాయించాం.

పెద్దాయన సగం క్యాష్ అడిగాడు, కుదరదన్నాం. ఇల్లు స్థలాల లావాదేవీల్లో 20 వేలు, ఆ పైన క్యాష్ తీసుకుంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు తీసుకున్నవాళ్ళకే అంత పెనాల్టీ వేస్తారు, ఆ మాట చెప్తే తగ్గాడు.

ఇంకోటి, 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్ళే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ళ ఇన్‌కమ్ ట్యాక్స్ కింద) పట్టుకుని కట్టాలి. మాకు 54 వేలు, ముగ్గురు కాబట్టి తలా 18 వేలు, మూడు ఫారాలు. ఆమెకి పాన్ కార్డు లేదు. పాన్ లేకపోతే 20 శాతం పట్టాలి, అంటే ఆమె 18 లక్షల్లో 3 లక్షల 60 వేలు ఆగిపోతాయి! వాళ్ళబ్బాయి ఆధార్‌తో ఆన్‌లైన్లో ఈ-పాన్ తీశాడు, సరిపోయింది. ఆమె పేరున బ్యాంకు అకౌంట్ కూడా అప్పుడే తెరిచారు.

రిజిస్ట్రేషన్ చేయకూడని స్థలాల నిషేధిత జాబితా కూడా చూసుకోండి, 22-ఏ అంటారు, సర్వే నంబరు కొడితే రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో వస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చుక్కల భూముల బాధ తెలిసిందే కదా, బ్రిటిష్ వాళ్ళప్పటి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లో ఓనరు పేరు దగ్గర చుక్కలు పెట్టి వదిలేసినందుకు ఆ భూములు ఈ జాబితాలో పడి ఎంతమంది పొలాలు అమ్ముకోలేక అల్లాడారో. 2017లో చట్టం చేశారు, 2023 మేలో కావలిలో పెద్ద మీటింగ్ పెట్టి హక్కు పత్రాలు పంచారు, అయినా మీ సర్వే నంబరు మీరు చూసుకోవాల్సిందే. మాది ఊరి మధ్య పాత ఇల్లు కాబట్టి ఇబ్బంది రాలేదు.

రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం, ప్రభుత్వ విలువ, మనం రాసుకున్న రేటు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద. మాకు 4 లక్షల 5 వేలు పడింది. ఇది లోనులో వస్తుందనుకోకండి, చేతిలో ఉంచుకోండి. డ్రాఫ్టు ముందురోజే ఇంటికి తెచ్చుకుని గట్టిగా చదివాం, పడమటి హద్దులో పక్కింటివాళ్ళ గోడ అని ఉండాల్సింది వీధి అని పడింది. అది అట్లాగే రిజిస్టర్ అయ్యుంటే సవరణ దస్తావేజుకి మళ్ళీ ముగ్గుర్నీ పిలవాల్సి వచ్చేది, పెద్దాయన మళ్ళీ వచ్చేవాడని నాకైతే నమ్మకం లేదు.

ఆరోజు ఆఫీసులో వేలిముద్రలు, ఫొటోలు, ఇద్దరు సాక్షులు, గంటన్నరలో అయిపోయింది. డీడీ చేతిలో పెడితే ఆమె దానిమీద తన పేరు రెండుసార్లు చదువుకుంది. తర్వాత ఇంటికొచ్చి పెరట్లో కాసేపు నిలబడి "అమ్మ రుబ్బురోలు నేను పట్టకపోనా" అని నన్నడిగింది, నన్ను అడగాల్సి వచ్చినందుకు నాకు ఎంత బాధనిపించిందో. ఇద్దరు మనుషుల్ని పెట్టి ఆటోలో ఎక్కించాం.

పదిహేను రోజులకి మళ్ళీ ఈసీ తీశాం. అమ్మినవాళ్ళు అన్నచోట ముగ్గురి పేర్లు వరసగా ఉన్నాయి, కొన్నచోట నా పేరు. కరెంటు మీటరు మార్పించాం, కార్పొరేషన్లో ఇంటిపన్ను పేరు మార్పుకి పెట్టాం, అది ఇంకా రావాలి.