క్యాంపింగ్‌కి కుక్కర్ దేనికి?

టెంట్లో పడుకోవడానికి వెళ్తూ ప్రెషర్ కుక్కరేమిటని మా పిల్లల గోల. వాళ్ల స్నేహితుల ఇళ్లల్లో క్యాంపింగ్ వంటంటే పుల్లకి గుచ్చి నిప్పుల మీద కాల్చుకోవడమే. మన సామాను చూసి పక్క టెంట్ల వాళ్లు నవ్వుతారేమోనని బెంగ. ఆ మాట పైకి అనరు, "బరువమ్మా" అంటారు.

నేనూ నవ్వుల సంగతి ఎత్తలేదు, కుక్కర్ సంగతే మాట్లాడాను. మేం వెళ్లేది కొండల్లోకి. 2000 మీటర్ల ఎత్తులో నీళ్లు సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో పప్పు ఓ పట్టాన మెత్తబడదు, ఈలోపు గ్యాస్ అయిపోతుంది. మూత బిగిస్తే ఆవిరి ఒత్తిడికి లోపల వేడి ఇంకా పెరుగుతుంది. ఇది విన్నాక మా అబ్బాయి తనే గాస్కెట్ వెతికి పెట్టాడు. అయితే 3 లీటర్లది చాలు. ఇంట్లో వాడే పెద్దది చిన్న స్టవ్ మీద కుదురుగా నిలవదు, గరిటె తగిలితే ఒరుగుతుంది.

చిన్న రోలు పట్టుకెళ్దామన్న మా ఆయన ఆలోచనని మాత్రం ముగ్గురం కలిసి కొట్టేశాం. పోపు డబ్బా బదులు రెండు బుల్లి ప్లాస్టిక్ సీసాలు.

గ్యాస్ డబ్బా మీద ఏం రాసుందో చూసి కొనండి. ఉత్త బ్యూటేన్ అయితే చలి సున్నా డిగ్రీలకి దిగేసరికి ఆవిరి కాదు, పొద్దున్నే స్టవ్ వెలగదు. ప్రొపేన్ కలిసినది నయం. ఎంత చలేసినా, వాన పడినా టెంట్ లోపల స్టవ్ వెలిగించకూడదు. స్టవ్ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. ఈ ముక్క పిల్లల చేత తిరిగి చెప్పించుకున్నాను.

నాకు పాఠం చెప్పింది మా అమ్మాయి. పిట్టలకి నాలుగు మెతుకులు వేస్తే పుణ్యమని పెరిగినదాన్ని నేను. అడవిలో అలా వేస్తే జంతువులు మనుషుల తిండికి అలవాటుపడి మీదికొస్తాయని అది గట్టిగా చెప్పింది. సింక్ లేని చోట గిన్నెలు కడిగిన నీళ్లు వడకట్టి, వాగుకి కనీసం 200 అడుగుల దూరంలో చల్లాలట. మెతుకులు సంచిలో కట్టి వెనక్కి తేవాలి. అందుకని టీ వడపోసే జాలీ ఇంకొకటి పెట్టెలో చేరింది. పుణ్యం మాట మళ్లీ ఎత్తలేదు నేను.

బయల్దేరే ముందు పెరట్లో ఒక పూట ఆ సామానుతోనే వండి చూడండి. మేం వండినప్పుడు బయటపడింది పట్కారు లేదని. మా అబ్బాయి స్నేహితుల దగ్గర రాసుకొచ్చిన జాబితాలో అది లేదు మరి, వాళ్ల గిన్నెలకి పిడులుంటాయి.