ఓర్పు అన్నారు దాన్ని

"మీరు ఎప్పుడూ ఇంతేనా అమ్మా, మధ్యలో ఇలా అయ్యారా?"

సైకియాట్రిస్టు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఎంత ఆలోచించినా జవాబు తోచలేదు. పక్క కుర్చీలో ఉన్న చెల్లి వైపు చూశాను. "అక్క చిన్నప్పటి నుంచీ నెమ్మదేనండీ. కానీ ఇది నెమ్మది కాదు" అంది. ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. రెండేళ్ళలో ఏడవడం అదే మొదటిసారి.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో, బడిలో, తర్వాత ఆఫీసులో నా గురించి అందరూ చెప్పేది ఒకటే మాట. ఓర్పు గల మనిషి. ఎవరి కష్టమైనా వింటుంది, తన కష్టం పైకి చెప్పదు. ఆ మాట వింటే సంతోషంగా ఉండేది, కాదనను. నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదు. వచ్చినవాళ్ళని చూసుకున్నాను, బ్యాంకు కాగితాలూ పెన్షనూ నేనే తిరిగి పూర్తి చేశాను. ఎంత ధైర్యంగా నిలబడిందో అన్నారు. అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. ఇంట్లో ఇద్దరమే.

ఆ ఏడాదే, పదకొండేళ్ళుగా నా పక్క సీట్లో ఉన్న స్నేహితురాలు బదిలీ మీద వెళ్ళిపోయింది. నాన్న పోవడం అందరికీ కనిపించిన నష్టం. ఆమె వెళ్ళిపోవడం కూడా నష్టమేనని నాకే తట్టలేదు. సాయంత్రం బస్టాపు దాకా ఆమెతో నడిచే ఆ ఇరవై నిమిషాల్లోనే, రోజు మొత్తం మీద, నేను నా గురించి మాట్లాడుకునేదాన్ని.

జబ్బు ముందు ఒంట్లో కనిపించింది. మెడ పట్టేసేది, కడుపులో ఎప్పుడూ ఏదో బరువు. ఎప్పుడు పడుకున్నా తెల్లవారుజామున మూడున్నరకి మెలకువ వచ్చేసేది. ఆ తర్వాతి రెండు గంటలు రోజంతటిలోకీ గడ్డు సమయం. ఎప్పుడో పదేళ్ళ కిందట ఎవరితోనో అన్న మాట గుర్తొచ్చి, అంత చెడ్డదాన్నా నేను అని కుమిలిపోయేదాన్ని. ఆరు కిలోలు తగ్గాను. థైరాయిడ్, రక్తహీనత, బి12, కడుపు స్కానింగు అన్నీ చేయించారు. అవి చేయించాల్సిన పరీక్షలే, థైరాయిడ్ తగ్గినా మనిషి ఇలాగే మందగించిపోవచ్చు. "రిపోర్టులన్నీ నార్మల్, టెన్షన్ పడకండి" అని ఒక డాక్టరు పంపేశారు. ఏ జబ్బూ లేదంటే తప్పు నాదేనన్నమాట అనుకున్నాను. నాకు బద్ధకం పెరిగింది, నా బుద్ధే ఇంత, అని నిర్ధారణకి వచ్చేశాను.

చెల్లి ఒక ఆదివారం చెప్పకుండా వచ్చింది. నేను ఫోన్ ఎత్తక మూడు వారాలైంది. తను వచ్చేసరికి నేను బాత్రూంలో కుళాయి ముందు నిలబడి ఉన్నాను. బకెట్టు నిండి, నీళ్ళు నా పాదాల మీదుగా గుమ్మం దాటి బయటికి పోతున్నాయి. కుళాయి కట్టేయాలని తెలుసు. చెయ్యి ఎంత దూరంలో ఉందో కూడా తెలుసు. కానీ ఆ చెయ్యి లేవడానికి కావాల్సినదేదో నాలో లేదు. చెల్లి కుళాయి కట్టేసి, తువ్వాలుతో నా పాదాలు తుడిచింది. "ఎన్నాళ్ళ నుంచి అక్కా?" అని ఒక్క మాట అడిగింది. అంతకు ముందు పలకరించినవాళ్ళంతా ధైర్యంగా ఉండమనే చెప్పారు. ఆ సలహా ఇచ్చేవాళ్ళకి చెడు ఉద్దేశం ఉండదు. కానీ అప్పటికే ఉన్న శక్తంతా ధైర్యంగా కనిపించడానికే ఖర్చుపెడుతున్న మనిషికి అది ఇంకో బరువు. ఎన్నాళ్ళ నుంచి అని అడగండి. అదే మేలు.

ఆసుపత్రిలో తొమ్మిది ప్రశ్నలున్న కాగితం ఇచ్చారు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, నీరసం, తిండి, ఏకాగ్రత, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి 3 దాకా అంకె వేయాలి. మొత్తం 27. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. సున్నా వేయబోయి పెన్ను ఆపాను. నిద్రలోనే పోతే బాగుండునని ఎన్ని రాత్రులు అనుకున్నానో నాకు తెలుసు. 1 వేశాను. డాక్టరుగారు ఆ అంకె మీద వేలు పెట్టి, గొంతు మార్చకుండా, సూటిగా అడిగారు. ఏమని అనుకున్నారు, ఎప్పుడెప్పుడు, ఏదైనా చేసుకోవాలని ఆలోచించారా అని. ఎవరైనా ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ళ భయం. పుట్టదు. అడిగినందుకు నాకైతే ఊపిరి ఆడింది.

నాకు వచ్చింది 19. 20 నుంచి తీవ్రమైన డిప్రెషన్ కింద లెక్కట. ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రాశారు, మొదటి వారం 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. మొదటి పది రోజులు వికారం, కాళ్ళూ చేతులూ కుదురుగా ఉండనివ్వని ఒక అలజడి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు కూడా పడుతుందని ముందే చెప్పారు కాబట్టి ఆగగలిగాను. చెప్పకపోయి ఉంటే మూడో రోజే మానేసేదాన్ని.

అయిదో వారంలో ఒక విచిత్రం జరిగింది. నాకు కోపం వచ్చింది. ఆఫీసులో ఒకాయన ఎప్పటిలాగే తన పని నా టేబుల్ మీద పెట్టి వెళ్ళబోతే, "ఇది మీరే చేసుకోండి, నాకు నా పనుంది" అన్నాను. గుండె దడదడలాడింది, చెవులు వేడెక్కాయి. తప్పు చేసినట్టు వెళ్ళి డాక్టరుగారికి చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "మందు పనిచేస్తోందమ్మా" అన్నారు.

కొంచెం ఓపిక వచ్చాక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. నా ప్రశ్నంతా అప్పటికీ ఒకటే. ఇది నా తత్వమా, జబ్బా? ఆవిడ ఓపిగ్గా విడదీసి చెప్పారు. చిన్న విషయానికే ఎక్కువ కలవరపడే గుణం కొందరికి పుట్టుకతో ఎక్కువే. అలాంటివాళ్ళకి డిప్రెషన్ వచ్చే అవకాశమూ ఎక్కువ, కానీ ఆ గుణమే జబ్బు కాదు. కవలల మీద చేసిన కొన్ని అధ్యయనాలని కలిపి 2000లో లెక్కతీస్తే, డిప్రెషన్ మనుషుల్లో ఎక్కువతక్కువగా ఉండటంలో వంశపారంపర్యం వాటా 37 శాతం దాకా తేలింది. మిగతాది బతుకులో జరిగేవాటిది. జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ అనే ఇద్దరు పరిశోధకులు లండన్‌లోని ఆడవాళ్ళని కలిసి చేసి, 1978లో పుస్తకంగా తెచ్చిన అధ్యయనం గురించి చెప్పినప్పుడు నేను కుర్చీలో ముందుకి జరిగాను. పెద్ద దెబ్బ తగిలినవాళ్ళందరూ కుంగిపోలేదు. మనసు విప్పి చెప్పుకునే దగ్గరి మనిషి లేనివాళ్ళు ఎక్కువగా కుంగిపోయారు. నాన్న పోవడమూ, పక్క సీటు ఖాళీ కావడమూ నా మనసులో అప్పుడే పక్కపక్కన చేరాయి.

ఆవిడ ఒక తెల్లకాగితం ఇచ్చి మధ్యలో గీత గీయమన్నారు. తమ బాధ మీకు చెప్పుకునేవాళ్ళ పేర్లు ఎడమవైపు రాయండి, మీరు ఎవరికి చెప్పుకుంటారో కుడివైపు రాయండి అన్నారు. ఎడమవైపు పదకొండు పేర్లు చకచకా వచ్చాయి. కుడివైపు స్నేహితురాలి పేరు రాసి, ఆమెతో మాట్లాడి ఏడాదిన్నరైందని గుర్తొచ్చి, కొట్టేశాను. ఆ కాగితాన్ని చాలాసేపు చూశాను. అందరూ ఓర్పు అని మెచ్చుకున్నది ఆ ఖాళీ సగాన్నే. మెచ్చుకుంటూ ఉంటే అది ఖాళీ అని ఎలా తెలుస్తుంది?

వారానికి ఒకసారి ఎవరినైనా చిన్న సాయం అడగడం నాకిచ్చిన హోంవర్కు. ఇంకోటి, మనసు బాగున్నాక నడుద్దామని ఆగకుండా రోజూ పది నిమిషాలు నడవడం. నడక తేలికే. సాయం అడగడానికి మాత్రం మొదటి వారం మొత్తం పట్టింది. స్నేహితురాలికి ఫోన్ చేసి, "నాకు బాగోలేదు, కాసేపు మాట్లాడతావా" అన్నాను. "నీకు నాతో పనిలేదేమో అనుకున్నానే" అంది. గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నాం.

అందరూ సంతోషించలేదు. మారిపోయావు అన్నారు కొందరు. ఎడమవైపు జాబితాలో ఒకరు రాకపోకలు మానేశారు. బాధపడ్డాను. అయినా సరే, ఎప్పుడూ వినే మనిషి ఒకసారి చెప్పబోతే లేచిపోయే బంధం కోసం మళ్ళీ వెనక్కి వెళ్ళలేను.

నాలుగో నెలలో నేనొక తప్పు చేశాను. బాగానే ఉన్నాను కదా అని, ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశాను. మూడు రోజుల్లో తల తిరుగుడు, తల తిప్పితే లోపల కరెంటు తగిలినట్టు చిన్న చిన్న జర్కులు. రెండు వారాలకి ఆ మూడున్నర మెలకువ తిరిగొచ్చింది. డాక్టరుగారు తిట్టలేదు. పూర్తిగా తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలని, ఆపేటప్పుడు మెల్లమెల్లగా తగ్గించాలని మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఈసారి అలాగే చేశాను. పోయిన నెల అదే తొమ్మిది ప్రశ్నల కాగితం నింపితే 4 వచ్చింది.

ఇప్పటికీ నేను నెమ్మదే. పదిమందిలో ఎక్కువ మాట్లాడను, గొడవంటే పక్కకి తప్పుకుంటాను. జబ్బు తగ్గాక మిగిలింది నా తత్వం. డాక్టరుగారి మొదటి ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పగలను.

మొన్న రాత్రి దాహమేసి లేచాను. గడియారంలో నాలుగు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. హాల్లో చీకట్లో అమ్మ కూర్చుని ఉంది. ఎప్పటిలాగే "ఏం లేదమ్మా, నువ్వు పడుకో" అంది. పడుకోలేదు. పక్కన కూర్చుని, "ఎన్నాళ్ళ నుంచి అమ్మా?" అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "మీ నాన్న పోయినప్పటి నుంచీ" అంది.

మంగళవారం అమ్మని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తున్నాను. చెల్లి కూడా వస్తానంది.